ఐదు సెకన్ల కూత

మైకు కూసిందంటే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లిలో పంతులుగారు మంత్రం మధ్యలో ఉన్నా సరే, మీటింగులో నాయకుడు శపథం మధ్యలో ఉన్నా సరే, బాక్సుల్లోంచి కుయ్యిమని కూత లేచిందా, నా చెయ్యి నన్నడక్కుండానే సౌండ్ మిక్సర్ మీదికి పోతుంది. ముప్పై ఏళ్లుగా మైక్‌సెట్టు పని చేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా నేను బాక్సులు మోయని ఫంక్షన్ హాలు లేదు. మా నాన్న పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం నేసేవాడు. ఎవరి మగ్గం మీద పోగు తెగినా చూడకుండా చప్పుడును బట్టే చెప్పేసేవాడు. చెవి మా ఇంటి ఆస్తి అని నేను ఎంతమంది దగ్గర గొప్పలు పోయానో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చైతన్యపురిలో మా ఇంటి పై వాటాలో ఆరేళ్లు ఒక జంట కిరాయికి ఉన్నారు. గుంటూరు వైపు వాళ్లు. సార్ బ్యాంకులో పని చేసేవారు. మేడం కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. వచ్చిన కొత్తలోనే ఒకరోజు మేడం మెట్ల మీద నిలబడి నన్ను పిలిచారు.

"అన్నయ్యగారూ, ఒక్కసారి పైకి వస్తారా? ఎక్కడో సన్నగా కూత వినిపిస్తోందండీ. మోటారో, ట్రాన్స్‌ఫార్మరో తెలియట్లేదు. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు."

కూత అంటే నాకు చెప్పాలా? టెస్టర్ జేబులో వేసుకుని వెళ్లాను. ఫ్రిజ్ ఆపాను, ఇన్వర్టర్ ఆపాను, ఫ్యాన్లు ఆపాను. చివరికి మెయిన్ కూడా దించేశాను. ఇల్లంతా నిశ్శబ్దం.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడూ ఉందండీ."

నాకు నవ్వొచ్చింది. "ఇంట్ల ఏం లేదు మేడం. గా కూత మీ చెవులల్లనే ఉన్నది. నాకు ఇనరాని కూత గీ దునియాల లేదు."

సార్ కూడా నవ్వారు. "నేను చెబితే నమ్మదండీ. ఇప్పుడు ఎక్స్‌పర్టే చెప్పారు కదా, విను" అన్నారు. మేడం కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

తర్వాత చెవి డాక్టర్ల దగ్గరికి తిరిగారు. పరీక్షల్లో అంతా బాగానే ఉందన్నారట, టెన్షన్ తగ్గించుకోమన్నారట. సార్ చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. మొదటి రెండేళ్లు ఆమె అడిగినప్పుడల్లా లేచి ఫ్రిజ్ ఆపేవారు. హాల్లో నిలబడి చెవులు రిక్కించి వినేవారు. "ఏమీ లేదే" అనేవారు. వినీ వినీ మనిషి విసిగిపోయారు. ఆ తర్వాత "నీకంతా భ్రమే" అనడం మొదలైంది. పై వాటాలో గొంతు కాస్త పెరిగితే కింద మాకు వినిపిస్తుంది. మేడం ఏం జవాబు చెప్పేవారో ఏనాడూ వినిపించలేదు.

ఏమైందో ఏమో, నాలుగో ఏడు మేడం శబ్దాలు చేయడం మొదలుపెట్టారు. టంకం పెట్టడం నేర్చుకున్నారు. నాబ్‌లు బిగించిన చిన్న చిన్న డబ్బాలు తయారుచేశారు. ఆ నాబ్‌లు తిప్పితే శబ్దం సన్నబడటం, లావెక్కడం, వణకడం. నా దగ్గర మూలపడిన పాత ఆంప్లిఫయర్ అడిగితే ఇచ్చాను. ఫ్రిజ్ గురక, మిక్సీ రొద, నెత్తిమీద మెట్రో పోయే చప్పుడు అన్నీ రికార్డు చేసి వాటిని డబ్బాల్లో తిప్పేవారు.

"ఏమయ్యా, గా మేడం పైన ఏం చేస్తున్నదో జర చూసి రా పో. ఇంట్ల దయ్యం తిరిగినట్టున్నది" అని మా ఆవిడ గొణిగేది.

"దయ్యం కాదు, సైన్సు. నీకేం తెల్వదు" అని కసిరేవాణ్ని. నాకు తెలిసినట్టు!

మెట్రో స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్ పైన ఒక హాలు ఉంది. ఒకప్పుడు కోచింగ్ క్లాసులు నడిచిన గది. గ్రీన్ బోర్డు ఇంకా గోడకే ఉంది, బెంచీలూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే కొందరు నెలకో శనివారం సాయంత్రం అక్కడ చేరి ఈ ఎలక్ట్రానిక్ సంగీతం వాయిస్తారు. రాగం ఉండదు, తాళం ఉండదు. వాళ్లకు బాక్సులు పెట్టేది నేనే. "అంకుల్, గరగర వచ్చినా కూత వచ్చినా తీసేయకండి. అదే మా మ్యూజిక్" అని మొదటి రోజే చెప్పారు. మేము తీసెయ్యడానికి చచ్చే శబ్దాలన్నిటినీ వీళ్లు ఏరికోరి తెచ్చుకుంటారన్నమాట! కలికాలం అనుకున్నాను. మేడం గురించి వాళ్లకు చెప్పింది మాత్రం నేనే. ఒక శనివారం ఆమెకు ఇరవై నిమిషాలు ఇచ్చారు.

ఇక్కడొక మాట. నాకు ఇది తర్వాతే తెలిసింది, కానీ మీకు ముందే తెలియాలి. ఆ ఇరవై నిమిషాలూ మేడం ఒక్క మనిషి కోసం తయారుచేశారు. తన చెవిలో రాత్రింబవళ్లు మోగే కూతకు సరిగ్గా సరిపోయే శబ్దం కోసం డబ్బా మీద నాబ్ తిప్పుకుంటూ నెలలు గడిపారు. చివరికి ఒకరోజు బయటి కూత, లోపలి కూత కలిసిపోయాయట. ఏది ఏదో ఆమెకే తెలియలేదట. దాన్నే ఆ రోజు బాక్సుల్లో వినిపించాలని. మొదట ఇంటి చప్పుళ్లు, వాటి మధ్యలోంచి మెల్లగా ఆ కూత. తర్వాత చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఆఖరి మూడు నిమిషాలు ఒట్టి కూతే. ముందు వరసలో సార్ కూర్చుని వింటారు. అంతే. మందూ వద్దు, మాకూ వద్దు, కట్టుకున్నవాడు ఒక్కసారి విని "ఇదా నువ్వు చెప్పేది" అంటే చాలు. ఆమె కోరుకున్నది అదొక్కటే.

ఆ శనివారం నాలుగింటికే బాక్సులు పెట్టేశాను. మేడం నోటు పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అన్నయ్యగారూ, చివర్లో ఒక సన్నటి శబ్దం వస్తుందండీ. దాన్ని మాత్రం..."

నా ఫోన్ మోగింది. నాగోల్‌లో మర్నాటి ఫంక్షన్ వాళ్లు, జనరేటర్ ఎక్కడ పెట్టాలని. వాళ్లతో పది నిమిషాలు అరిచాను. ఫోన్ పెట్టేసేసరికి మేడం అక్కడే నిలబడి ఉన్నారు.

"ఏదో అంటున్నరు మేడం?"

"అదేనండీ, చివర్లో శబ్దం..."

"మీరు పరేషాన్ కాకుండ్రి. మీరు వాయించుకోండ్రి, సౌండ్ సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి. ముప్పై ఏండ్లసంది గిదే పని నాది."

ఆమె నోటు పుస్తకం మూసేశారు. మొండి మనిషిని. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పోనీ రిహార్సల్‌లోనైనా ఆ కూత వినిపించి ఉంటే బతికిపోయేవాణ్ని. వినిపించలేదు. సారే మొదట వినాలని మేడం దాచుకున్నారట.

ఏడింటికి ముప్పై మంది దాకా వచ్చారు. మొదట ఒకతను స్టీలు కంచానికి చిన్న మైకు అంటించి గరిటెతో గీకాడు. పళ్లు జివ్వుమన్నాయి. ఇంకొకామె పాత రేడియోలో స్టేషన్లకూ స్టేషన్లకూ మధ్య వచ్చే బుసబుసలతో అరగంట కూర్చోబెట్టింది. వాళ్లు చెప్పినట్టే నేను ఏమీ ముట్టుకోలేదు. పోతే పోయింది, వాళ్ల గోల వాళ్లది అని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మూడోది మేడంది. నీలం అంచు కాటన్ చీర కట్టుకుని, క్లాసు చెప్పేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలతో డబ్బాల ముందు కూర్చున్నారు. సార్ ముందు బెంచీలో, బ్యాంకు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఒళ్లో బ్యాగు. గ్రీన్ బోర్డు మీద ఎప్పటివో లెక్కలు సగం చెరిగి ఉన్నాయి. నాకు గర్వంగా అనిపించింది. మా ఇంటి మనిషి. ఇంతమందిలో కూర్చుని వాయిస్తోంది. మిగతావాళ్ల సౌండ్ ఎట్లా తగలబడినా సరే, ఈమెది మాత్రం అద్దంలా ఉండాలి అనుకుని మిక్సర్ ముందుకు జరిగి కూర్చున్నాను. నా ఖర్మ కాలింది అక్కడే.

నిజం చెప్పొద్దూ, బాగుంది. ఫ్రిజ్ గురక మెల్లగా, బెంచీలు వణికేంత లోతుగా మొదలైంది. దాని మీద కుక్కర్ ఊపిరి. దూరంగా మెట్రో వచ్చి, మలుపు తిరిగి, పోయింది. రోజూ వినే చప్పుళ్లే, కానీ ఇల్లంతా చీకట్లో మేలుకుని ఉన్నట్టుంది. పన్నెండో నిమిషమో ఎంతో, వాటి అడుగు నుంచి సన్నటి కూత లేచింది.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫీడ్‌బ్యాక్ కూత! మా మేడం ప్రోగ్రాంలో! కొత్త మిక్సర్‌లో ఒక సౌకర్యం ఉంది. తెర మీద ఆ ఒక్క శబ్దాన్ని వెతికి పట్టుకుని, బియ్యంలోంచి రాయి ఏరేసినట్టు దాన్ని మాత్రమే తీసెయ్యవచ్చు. మిగతాది చెక్కుచెదరదు. వెతికాను, పట్టుకున్నాను, తీసేశాను. అంతా కలిపి ఐదు సెకన్లు. ముందు వరస వాళ్లు కూడా గమనించి ఉండరు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

తర్వాత ఇంటి చప్పుళ్లు ఒక్కొక్కటే తగ్గాయి. కుక్కర్ పోయింది. మిక్సీ పోయింది. ఆఖరున ఫ్రిజ్ గురక కూడా ఆగింది. హాల్లో నిశ్శబ్దం.

మేడం తల వంచుకుని అట్లాగే కూర్చున్నారు, చెయ్యి నాబ్ మీదే. అయిపోయిందనుకుని వెనకెవరో చప్పట్లు కొట్టబోయారు. ఆమె తల ఎత్తకుండానే ఆగమని చెయ్యి చూపించారు. అందరూ ఆగారు. ఒక నిమిషం. ఒకరు దగ్గారు. కింద టిఫిన్ సెంటర్‌లో పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు పైకి వినిపించింది. రెండు నిమిషాలు. సార్ వాచీ చూసుకున్నారు, మర్యాదగా, బ్యాగు చాటున. మిక్సర్ మీద ఆమె లైను దీపం ఇంకా పచ్చగా వెలుగుతోంది. అంటే ఆమె డబ్బాలోంచి శబ్దం వస్తూనే ఉందన్నమాట. చూశావా, కూత ఇంకా పోలేదు, నేను కాబట్టి ఆపాను, ఇంకొకడైతే పరువు పోయేది అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆమెకేం తెలుసు పాపం! ఆ కూత ఆమెకు ఎప్పుడూ వినిపించేదే. హాల్లో ఉందో లేదో ఆమెకు తెలిసే దారే లేదు. అందరూ వింటున్నారనుకుని, కళ్లు మూసుకుని, మూడు నిమిషాలూ కూర్చుంది ఆ తల్లి.

చివరికి నాబ్ తిప్పి తల ఎత్తారు. చప్పట్లు బాగానే పడ్డాయి. మేడం నేరుగా సార్ దగ్గరికి నడిచారు. ఆమె ముఖం అంత వెలిగిపోవడం ఆరేళ్లలో నేను చూడలేదు. కేబుల్ చుడుతూ వాళ్లకు రెండడుగుల దూరంలో ఉన్నాను.

"విన్నారు కదండీ? అదే. నాకు పొద్దున్నా రాత్రీ అదే."

"ఏది?" అన్నారు సార్.

"చివర్లో. అన్నీ ఆగిపోయాక."

సార్ పాపం నిజంగానే ఆలోచించారు. "చివర్లో ఏమీ లేదుగా! అంతా నిశ్శబ్దంగా ఉంది. నేను అదేదో ధ్యానం అనుకున్నాను."

"లేదండీ, వచ్చింది. మూడు నిమిషాలు వచ్చింది."

పక్కనున్న రేడియో అమ్మాయిని సార్ అడిగారు. "ఆ సైలెన్స్ చాలా బాగుంది ఆంటీ" అందా అమ్మాయి. మేడం ఆమె వైపు చూశారు, సార్ వైపు చూశారు, డబ్బాల వైపు చూశారు.

అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. వచ్చింది సార్, నేనే తీసేసిన, తప్పు నాది. ఇంతే. సరిగ్గా అప్పుడే నిర్వాహకుల్లో ఒకతను నా భుజం తట్టాడు. "అంకుల్, సౌండ్ కిరాక్! చివర్ల ఒక్క గరగర లేదు" అన్నాడు. నేను పళ్లికిలించాను. కేబుల్ చుట్టడం కానిచ్చాను. ముప్పై మంది ముందు పేరు పోతుందని. రేపు పొద్దున మేడంకు విడిగా చెబుదాం, పోయేదేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రేపు, ఎల్లుండి, వచ్చే ఆదివారం, పండగ పోయాక. మెట్ల మీద ఎదురుపడితే "బాగున్నరా మేడం" అని తప్పుకునేవాణ్ని. పైనుంచి శబ్దాలు ఆగిపోయాయి. ఆంప్లిఫయర్ తుడిచి, గుడ్డ చుట్టి, తెచ్చి ఇచ్చేశారు. సార్ గొంతు పెంచడం కూడా ఆగిపోయింది. ఆరు నెలలకు నాగోల్‌లో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయారు. వెళ్లేరోజు మా ఆవిడకు పసుపు కుంకుమ ఇచ్చి, నాకు నమస్కారం పెట్టారు. అప్పుడూ చెప్పలేదు నేను. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించేది రాత్రిళ్లు.

మరో నాలుగు నెలలకు వాళ్లకు రావాల్సిన ఉత్తరం ఒకటి మా ఇంటికి వచ్చింది. అది పట్టుకుని నాగోల్ వెళ్లాను. ఐదున్నర అవుతోంది, సార్ ఇంకా బ్యాంకు నుంచి రాలేదు. కూర్చోగానే, మంచినీళ్లు కూడా తాగకుండా, మొత్తం చెప్పేశాను. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను.

మేడం ఉత్తరం పక్కన పెట్టారు. తర్వాత టీచరమ్మ ప్రశ్న వేసినట్టు అడిగారు. "తెర మీద ఎంత చూపించింది?"

"ఆరు వేల రెండు వందల హెర్ట్జ్ దగ్గర, మేడం."

"అదే" అన్నారు. "అయితే మీరు విన్నారు."

"ఇన్న మేడం."

"ఎంతసేపు?"

అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. "ఐదు సెకండ్లు."

"ఎలా ఉంది?"

"చెవుల సూది వెట్టి తిప్పినట్టుండె. తట్టుకోలేకపోయిన మేడం. అందుకే తీసేసిన."

"తట్టుకోలేకపోయారా?" అన్నారు. మళ్లీ ఇంకోసారి అన్నారు, తనలో తాను. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"సార్ రాంగనే చెప్త. కాళ్లు వట్టుకుంట" అన్నాను.

"వద్దండీ" అన్నారు వెంటనే. "ఆ రోజు, అక్కడ, ఆ నిమిషంలో అని ఉంటే ఆయన నమ్మేవారు. ఇప్పుడు చెబితే నేను పిలిపించి చెప్పించానంటారు. డబ్బా మళ్లీ మోగించి వినిపించినా, కావాలని తయారుచేసిన శబ్దమంటారు. ఆ రోజు నుంచి నేనా మాట ఎత్తడం మానేశాను. నాకు తగ్గిపోయిందనుకుంటున్నారు. హాయిగా నిద్రపోతున్నారండీ ఇప్పుడు."

ఇంతలో తలుపు చప్పుడయింది. సార్ వచ్చారు, నన్ను చూసి ఎంతో సంతోషించారు. టీ తాగేదాకా కదలనివ్వలేదు. "మీకో థ్యాంక్స్ చెప్పాలండీ" అన్నారు. "మీరు ఆ ప్రోగ్రాం పెట్టించడమే మంచిదైంది. ఆ రోజుతో ఈవిడ కూత పీడ వదిలిపోయింది. ఒక్కసారి కూడా అనలేదు మళ్లీ!"

మేడం నాకు టీ అందిస్తున్నారు. "మంచిది సార్" అన్నాను నేను.

లిఫ్ట్ దాకా మేడం సాగనంపడానికి వచ్చారు. "అప్పుడప్పుడు వస్తూ ఉండండి అన్నయ్యగారూ" అన్నారు మెల్లగా. "ఎవరో ఒకరు విన్నారంటే అదో ధైర్యం. మీ దగ్గరైతే ఆ మాట చెప్పుకోవచ్చు."

తప్పకుండా వస్తానన్నాను. మా ఇంటి నుంచి నాగోల్ పావుగంట. రెండేళ్లయింది. ఇంతవరకు వెళ్లలేదు.